అటక మీది టేకు పలకలు

బచ్చప్ప రెండు చేతులా చిత్రికను ముందుకు తోస్తున్నాడు. మామిడి పలక మీద నుంచి లేచే పొట్టు ఉంగరాలు చుట్టుకోవడం లేదు. తడిసిన గుడ్డ పీలికల్లా వాలిపోయి చిత్రిక నోట్లోనే ముద్ద కడుతోంది. పుల్లతో ఆ ముద్దను పెకలించి, బ్లేడును గోటితో తడిమి చూసి, మళ్లీ తోస్తున్నాడు. పుట్టు వడ్రంగి అయితే ఆ తడి చూసి పలకను గోడకు ఆనించి ఇంటికి పోయేవాడు, మరో ఏడాదికి గాని తిరిగి వచ్చేవాడు కాదు. బచ్చప్ప పుట్టు వడ్రంగి కాదు. బంగారు గనిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టినవాడు. గని మూతపడ్డాక పైకి వచ్చి, ఆ చేతులతోనే తలుపులూ మంచాలూ బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని విల్సన్ కూర్చున్నాడు. ఒంట్లో కండ కరిగిపోయింది. భుజాల మీద చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"ఏమప్పా, చెక్కను గీకతా ఉండావా, గొర్రెకు బొచ్చు తీస్తా ఉండావా?" అన్నాడు.

"నోరు మూసుకోని ఊపిరి పీల్చుకో. ఉండేదే రవ్వంత. దాన్నీ మాటలకే పోస్తే ఎట్లా?"

విల్సన్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా బచ్చప్ప చిత్రిక ఆపి, అటు చూడకుండా, పలక మీద లేని దుమ్మును దులుపుతూ నిలబడ్డాడు.

విల్సన్ గనిలో ఫిట్టరు. లోపలి నీళ్ల పంపులన్నీ అతని చేతి మీద ఆడేవి. గని మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఆటో కొని, చాంపియన్ రీఫ్‌లో గనివాళ్ల వరుస ఇళ్లలోని తన లైనింటి పక్కన దానికి ఈ రేకుల షెడ్డు వేశాడు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ము అతన్ని ఎక్కువ కాలం ఆటో తోలనివ్వలేదు. ఆటో పోయింది, షెడ్డు మిగిలింది. అందులోనే పంపు మోటార్లూ మిక్సీలూ బాగుచేస్తూ ఎనిమిదేళ్లు లాక్కొచ్చాడు. కూతురు ఏంజెలిన్ చిన్నప్పటి నుంచీ పక్కన నిలబడి రాగి తీగ చుట్టడం నేర్చింది. ఇప్పుడు ఆ పిల్ల చేతి పని తండ్రి పని కంటే శుభ్రంగా ఉంటుంది. కానీ తండ్రి పడిపోయాక ఇల్లు గడవాలి కదా. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి వెళ్లి, చీకటి పడ్డాక వస్తుంది. కేజీఎఫ్‌లో సగం ఇళ్ల పిల్లలు ఆ రైల్లోనే పెరిగి పెద్దవాళ్లవుతున్నారు.

షెడ్డులో పనిబల్లను చెదలు తినేశాయి. ఒకనాడు పని ముక్కను కరిచి పట్టే ఇనుప వైస్ బిగిస్తుంటే అది స్క్రూలతో సహా ఊడి విల్సన్ కాలి మీద పడింది. కుంటుకుంటూనే అతను బచ్చప్పకు కబురు పెట్టాడు.

"కాళ్లకు ఇనుప ఫ్రేము బాగానే ఉండాది. దాని మీదికి పలక కావాల. సమ్మెట దెబ్బ వేసినా కదలకూడదు. ఆ పలక మీద వైస్ నా చేత్తో బిగించేస్తే చాలు, పాపను రైలు దించేస్తాను."

అంతకు మించి అతను ఈ లోకాన్ని అడిగింది లేదు. డాక్టరు చెప్పిన గడువు అందరికీ తెలుసు గనుక, పలక ఎన్నాళ్లలో కావాలని బచ్చప్ప అడగలేదు. తన బావమరిది చిన్నవెంకటప్పది రాయల్పాడు. అతని తోటలో కాపు ఉడిగిన మామిడి చెట్టు ఒకటి ఉంటే కొట్టించి, మిల్లులో పలకలు కోయించి, ట్రాక్టర్‌లో తెప్పించాడు. పలకల నుంచి ఇంకా జిగురు కారుతూనే ఉంది.

ఆదివారం ఇంట్లో ఉన్న ఏంజెలిన్ పలకను ముట్టుకొని చూసింది.

"మామా, ఇంత పచ్చిగా ఉండాదే! ఆరనీయాల్సిన పన్లేదా?"

"పచ్చిదే మంచిది పాపా. ఎండు కట్టె చెప్పకుండా విరుగుతుంది. పచ్చి కట్టె మూలిగి, చెప్పి విరుగుతుంది. మీ నాయన ఈపొద్దు ఈ కుర్చీలో కూర్చోని నన్ను ఎగతాళి చేస్తా ఉండాడంటే అది పచ్చి కట్టె పుణ్యమే."

ఆ కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. భూమికి చాలా లోతున విల్సన్ పంపు మీద వంగి ఉన్నాడు. పక్కనే బచ్చప్ప కప్పు కింద నీలగిరి గుంజ నిలబెట్టి సందుల్లో చెక్క చీలలు కొడుతున్నాడు. ముందురోజు నరికి దించిన గుంజ, బెరడు కూడా ఆరలేదు. అది ఉన్నట్టుండి మూలిగింది, ముసలమ్మ మోకాళ్ల మీద చేతులు వేసి లేచేటప్పుడు మూలిగినట్టు. బచ్చప్ప సుత్తి వదిలేసి విల్సన్ మెడపట్టీ పట్టుకొని ఈడ్చుకుపోయాడు. వాళ్లు మలుపు తిరిగేసరికి వెనక బండ పేలింది. గనివాళ్లు దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అంటారు. లోపలి ఒత్తిడికి రాయి తనంతట తానే బద్దలవుతుంది. గాలి విసురుకు ఇద్దరూ బోర్లా పడ్డారు. లేచి చూస్తే పంపు లేదు, అది ఉన్న చోటూ లేదు.

ఆనాటి నుంచి బచ్చప్పకు పచ్చి కట్టె మీద గురి. ఇంకో గురి బిగువు మీద. గనిలో గుంజకూ రాయికీ నడుమ వేలు దూరే సందు ఉంటే మనిషి చచ్చినట్టే. చీల మీద చీల కొట్టి, సుత్తి దెబ్బకు ఖంగుమని మోగేదాకా బిగించాలి. ఇక్కడా అలాగే చేశాడు. మామిడి పలకలను అంచుకు అంచు బంకతో అతికి, ఇనుప ఫ్రేములో కూర్చి, నాలుగు వైపులా చీలలు దిగ్గొట్టాడు. కింద నుంచి బోల్టులు వేసి నట్లు మరి తిరగనంత బిగించాడు. సుత్తితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"బంక ఇంగో వారం ఆరనీ, వైస్ బిగిద్దువుగాని," అన్నాడు.

ఆ వారంలోనే ఎండలు ముదిరాయి. పైన రేకులు, ఊరి చివర గని వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బ మీద నుంచి వీచే పొడిగాలి. మధ్యాహ్నం బచ్చప్ప తన ఇంట్లో సంగటి ముద్ద తుంచుతుండగా విల్సన్ భార్య ఆలిస్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నా, షెడ్డులో తుపాకీ పేలినట్టు సద్దయింది. పోయి చూస్తే మీ బల్ల."

బచ్చప్ప చేయి కడుక్కొని పరుగెత్తాడు. నడిమి పలక ఈ కొన నుంచి ఆ కొనకు చీలిపోయి ఉంది. చీలికలో చిటికెన వేలు పడుతుంది. మిగతా పలకలు అంచులు పైకెత్తి పడవల్లా వంగాయి. కొట్టిన చీలలు ఊడి నేల మీద పడి ఉన్నాయి. చెక్క ఆరి కుంచించుకుపోవాలని చూసింది, తను కదలనివ్వలేదు, అందుకే పగిలింది. అంత చిన్న సంగతి బచ్చప్పకు ఇప్పుడు గాని కనబడలేదు.

విల్సన్ గోడ పట్టుకొని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఆవిరి పైపుకు నడుమ నడుమ వంపు ఎందుకు పెడతాము?" అన్నాడు చివరికి. "వేడికి సాగుతుందని. సాగేదానికి చోటియ్యకుంటే పగులుతుంది. చెక్కకూ అంతే కదప్పా."

"తెలిసినోడివి ముందే చెప్పుండకూడదా?"

"నాకు మాత్రం యాడ తోచింది! మనం చూసిన చెక్కంతా నీళ్లలో నానిందే. కింద ఎండాకాలం ఉండెనా, వానాకాలం ఉండెనా?"

బచ్చప్ప పలక చీలికలోకి వేలు పెట్టి తీశాడు. "ఆరిన చెక్క ఇప్పుడు యాడ తెచ్చేది? రాబర్ట్‌సన్‌పేటలో అమ్మేదంతా పచ్చిదే. నాకు ఆర్నెల్లు కావాల."

ఆర్నెల్లు అన్న మాట నోరు జారాక గాని దాని బరువు తెలియలేదు. ఆలిస్ తల తిప్పుకుంది. విల్సన్ మాత్రం ముఖం పైకెత్తి షెడ్డు అటక వైపు చూస్తున్నాడు.

అటక మీద దుప్పటి చుట్టి టేకు పలకలు ఉన్నాయి. గని మూసేశాక పాత దొరల బంగళా ఒకటి కూల్చినప్పుడు ఆ చెక్క వేలానికి వచ్చింది. వందేళ్లు ఇంటి కప్పు కింద ఆరిన చెక్క. స్నేహితులిద్దరూ వెళ్లి కొన్నారు. బచ్చప్ప తన వంతుతో ఇంటికి తలుపు చేసుకున్నాడు. విల్సన్ తన వంతు దాచాడు. వాళ్ల ఇళ్లల్లో చనిపోయినవారిని పెట్టెలో పెట్టి మట్టి చేస్తారు. "నేను పోయినప్పుడు నువ్వే చేయాల బచ్చప్పా. బతికినన్నాళ్లు రేకు కింద ఉండాను, పోయేటప్పుడైనా దొర మాదిరి పోతాను" అని ఆనాడు నవ్వాడు. బచ్చప్ప మాటిచ్చాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఇల్లు సున్నం కొట్టేటప్పుడు ఆలిస్ ఆ పలకలు దించి, తుడిచి, మళ్లీ దుప్పటి చుట్టి పైన పెట్టేది.

"దించు," అన్నాడు విల్సన్.

"సుమ్మనే ఉండు," అన్నాడు బచ్చప్ప.

"దించప్పా."

"నీకు మాటిచ్చినాను. నా నోటితో ఇచ్చినాను."

"నువ్విచ్చిన మాట నీకే వాపసు ఇస్తా ఉండాను. మట్టిలో పెట్టేదానికి టేకు ఎందుకు? ఈ మామిడి ఉండాదే, చీలింది తీసేసి నాకు దాంతో చెయ్యి. పచ్చి చెక్క భూమి కిందికే బాగుంటుందని ఊరంతా చాటింది నువ్వే కదా?"

ఆలిస్‌కు కోపం తన్నుకొచ్చింది. "ఏం మాటలవి? చర్చిలో అందురూ చూస్తారు. మామిడి చెక్క, సంతలో టమాటాలు పోసే డబ్బా మాదిరి! కడుపుకు లేకున్నా నేను ఆ పలకల్ని అమ్మలేదు. నా కళ్ల ముందర నిన్ను అట్లా పంపమంటావా?"

"ఆలిసూ, నేను పోయినాక ఆ పెట్టెను ఒక పూట చూస్తావు. పాప చీకట్లో రైలెక్కేది దినామూ చూడాల."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లోకి వెళ్లిపోయింది.

బచ్చప్ప పలకలు దించాడు గాని రంపం తీయలేదు. రేపు చూద్దామన్నాడు. విల్సన్‌కు అతని సంగతీ తెలుసు, భార్య సంగతీ తెలుసు. తను కన్నుమూసిన గంటలో ఇద్దరూ ఒక మాట అయిపోయి ఈ పలకల్ని మళ్లీ పెట్టెకే పెడతారు.

"రేపు కాదు. ఇప్పుడే, నేను చూస్తా ఉండంగా కోయి. ముందు అన్నిటికీ నడిమధ్యన నిలువునా ఒక్కో కోత పెట్టు. ఒక్కటి కూడా వెడల్పుది మిగలకూడదు."

బచ్చప్ప రంపం పలక మీద పెట్టి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత లాగాడు. పాత టేకు వాసన షెడ్డంతా కమ్ముకుంది. రంపపు పొడి పసుపురంగులో, ఎండిన మట్టిలా రాలింది. ఒక్కో పలక రెండైనప్పుడల్లా విల్సన్ తల ఊపాడు. చివరి పలక కోసేసరికి పొద్దు వాలింది. బచ్చప్ప ముఖం మీద చెమటా కన్నీళ్లూ ఒకటే అయిపోయాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఈసారి అతను తొందరపడలేదు. సగాలను మళ్లీ సన్నని బద్దలుగా కోసి, వాటిని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, పక్కపక్కన పేర్చాడు. అలా నిలబెడితే పలక మందం మూడు అంగుళాలు వస్తుంది, వంగదు. బద్దలన్నిటికీ అడ్డంగా బెజ్జాలు వేసి ఇనుప కడ్డీలు దూర్చాలి. కడ్డీల కొసలకు మరలు విల్సనే కోస్తానన్నాడు. ఊడిపడిన వైస్‌ను ఇనుప ఫ్రేముకే కట్టి, కడ్డీని అందులో బిగించి, మరలు కోసే రెండు పిడుల డై పట్టుకొని అర చుట్టు తిప్పేవాడు, ఆగేవాడు, నూనె బొట్టు వేసేవాడు, మళ్లీ అర చుట్టు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏంజెలిన్ డై రెండో పిడి పట్టుకునేది. తండ్రీ కూతురూ ఎదురెదురుగా నిలబడి మంచినీళ్ల బావి గిలక తిప్పినట్టు తిప్పేవారు.

"పాపా, మర తెగితే మళ్లీ రాదు. తొందరపడొద్దు," అనేవాడు.

"నువ్వు మాట్లాడొద్దు నాయనా. నేను చూసుకుంటా ఉండాను కదా."

కడ్డీలు దూర్చి, బంక రాసి, నట్లు బిగించిన మర్నాటి పొద్దున విల్సన్ కుర్చీలోకి రాలేదు. బచ్చప్ప బల్ల అడుగు చూస్తుండగా ఇంట్లోంచి ఆలిస్ కేక వినిపించింది. అతను వెళ్లేసరికి విల్సన్ మంచం మీద కూర్చొని దిండుకు ఆనుకొని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఇంకో గుక్క గాలి కోసం ఆగినట్టే ఉంది. ఏంజెలిన్ అప్పటికి బెంగుళూరులో మిషను ముందు కూర్చొని ఉంది.

లైనింటివాళ్లు చేరారు. చర్చికి కబురు పోయింది. ఆలిస్ ఏడుస్తూ ఏడుస్తూనే లేచి షెడ్డులోకి వచ్చింది.

"అన్నా, ఆ టేకు విప్పెయ్యి. ఆయన్ను మామిడి పెట్టెలో పంపను."

బచ్చప్ప బల్ల మీది గుడ్డ తీశాడు. ఆమె బద్దల మీద అరచేయి పెట్టి ఈ కొన నుంచి ఆ కొనకు నడిచింది. నాలుగు వేళ్లకు మించి వెడల్పున్న ముక్క ఎక్కడా చేతికి తగల్లేదు.

"ఒక్కటైనా మిగల్లేదా?"

"లేదమ్మా. అన్నిటికీ నడుమ కోత పెట్టించినాడు. నేను రేపంటే వినలేదు."

ఆమె విల్సన్ కుర్చీలో కూర్చుంది. "నన్ను బాగా ఎరిగినోడు," అంది. కాసేపటికి లేచి ఇంట్లోకి వెళ్లి, పెట్టె లోపల పరవడానికి పెళ్లినాటి తెల్లచీర తెచ్చి కుర్చీ మీద పెట్టింది.

బచ్చప్ప గోడకు ఆనించిన మామిడి పలకలు ముందుకు లాగాడు. చీలిన మేర కోసి పారేశాడు. వంపు పోయేదాకా చిత్రిక పట్టాడు. పొట్టు ఇప్పుడు తేలిగ్గా లేచి, ఉంగరాలు చుట్టుకొని కాళ్ల మీద పడుతోంది. అప్పుడు నిండా తడి, ఇప్పుడు పని చేయనిచ్చేంతగా ఆరింది. దీనికి కావలసిందల్లా కాస్త కాలం. ఆ సంగతి తనకు ముందే తెలిసి ఉంటే, మొదటి రోజే అటక వైపు చూసి ఉంటే, విల్సన్ ఈ పాటికి వైస్ బిగించి ఉండేవాడు. ఉంగరాలు పడుతూనే ఉన్నాయి. అతను చూపు తిప్పుకోకుండా తోస్తూనే ఉన్నాడు.

పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నంగా వచ్చింది. మూలల్లో చీలలు సుత్తితో ఖంగుమనేదాకా బిగించాడు. ఇక్కడ సందు వదలాల్సిన పని లేదు. భూమి కింద ఎండాకాలం లేదు. ఆఖరి చీల కొడుతుండగా ఏంజెలిన్ మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు బిళ్లతోనే గేటు తోసుకొని వచ్చింది. పెట్టె చూసి నిలబడిపోయింది. బచ్చప్ప సుత్తి కింద పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

చర్చిలో పెట్టె గురించి ఎవరూ ఏమీ అనలేదు. మోసినవాళ్లలో ఒకడు మాత్రం "తేలిగ్గానే ఉండాది" అన్నాడు. తేలిగ్గా ఉంది పెట్టె కాదు, లోపలి మనిషి.

తరువాత చాలా రోజులు అతను షెడ్డుకు రాలేదు. ఒకనాడు ఆలిసే వచ్చి అతని గుమ్మంలో నిలబడింది.

"సగం చేసిన బల్ల ఇంట్లో ఉంటే ఆయన ఇంగా బతికుండి బయటికి పోయినట్టే ఉండాది అన్నా. ముగించు."

వెళ్లి ముగించాడు. పైభాగాన్ని ముందు ఈ మూల నుంచి ఆ మూలకు, తర్వాత ఆ మూల నుంచి ఈ మూలకు చిత్రిక పట్టాడు. రెండు వంకరలేని బద్దలు చెరో కొసన పెట్టి, వంగి, ఒకదాని అంచు మీదుగా రెండోదాని అంచు చూశాడు. మెలిక ఉంటే అంచులు కలవవు. కలిసేదాకా గీశాడు. ఫ్రేముకు బిగించే చోట గుండ్రటి బెజ్జాలు వేయలేదు. పొడుగ్గా గాడులు తీశాడు, చెక్క ఎండకూ వానకూ అటూ ఇటూ జరగడానికి. బోల్టు ఆ గాడిలో కదులుతుంటే అతని చేతులకు ఇంకా వింతగానే ఉంది. వదులుగా ఉన్నది నిలుస్తుందని నమ్మడం ఆ వయసులో కష్టం.

ఎత్తు మార్చాల్సి వచ్చింది. ఫ్రేము విల్సన్ కొలతకు చేసింది. ఆదివారం ఏంజెలిన్‌ను పక్కన నిలబెట్టి, చేయి మడవమని, వైస్ నోరు ఆమె మోచేతికి సరిగ్గా వచ్చేలా ఫ్రేము కాళ్లు కోయించాడు. కోసిన ఇనుప ముక్కలను ఆమె ఏరి కిటికీలో పెట్టుకుంది.

అదే రోజు వైస్ ఎత్తి బల్ల మూల మీద, ఫ్రేము కాలికి సరిగ్గా పైన పెట్టాడు. నాలుగు బోల్టులూ దించాడు. స్పానరు చేతికి తీసుకొని ఆగాడు. బిగించవలసినవాడు ఎవరో ఇద్దరికీ తెలుసు. గుమ్మంలో కుర్చీ అలాగే ఉంది. ఆలిస్ దాన్ని తీయనివ్వలేదు.

"నువ్వు బిగించు పాపా," అన్నాడు.

ఆమె స్పానరు తీసుకొని, ఒకదాని తర్వాత ఒకటి, మూల మార్చి మూల బిగించింది. తండ్రి అలాగే బిగించేవాడు.

"పక్కన ఈ నట్లు చూసినావా? మీ నాయన కడ్డీలు. ఎండాకాలం వస్తే వదులవుతాయి. బయపడొద్దు, రవ్వంత బిగించు. వానాకాలంలో మళ్లీ రవ్వంత వదులు. పగిలేదాకా బిగించేది నా తప్పు, నువ్వు చేయొద్దు."

ఆమె తల ఊపింది. మూలన గోనెసంచిలో ఒక పంపు మోటారు ఉంది. బంగారపేట వైపు రైతు నంజుండప్ప ముందురోజు చీకటి పడ్డాక తెచ్చి పడేసి, విల్సన్ లేడని తెలిసి, తీసుకుపోవాలా వద్దా అని నిలబడితే ఏంజెలినే ఉంచమంది. ఇప్పుడు దాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. ఇరుసు వైస్‌లో బిగించి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. రేకులు మోగాయి. బల్ల కదల్లేదు.

"రేపు రైలుకు పోతావా?" అని అడిగాడు బచ్చప్ప.

"లేదు మామా. ఈ మోటారు వాళ్లకు బుధవారానికల్లా కావాలంట."

అతను బల్ల మీద మిగిలిన పొట్టును అరచేత్తో ఊడ్చి, చిత్రికనూ ఉలులనూ సంచిలో వేసుకున్నాడు. బల్ల మీద తనవి ఇంకేమీ లేవని ఒకసారి చూసుకున్నాడు. కుర్చీని పక్కకు జరపకుండా, దాని చుట్టూ తిరిగి బయటికి వచ్చాడు. వెనక ఆమె పాత తీగ విప్పడం మొదలుపెట్టింది.